ఆరో అంకణం

"గుడి కూటాలకు ఎట్లాగూ పోతాండావు గదా, ఆ చేత్తోనే పెంకులకు చెప్పిరా" అన్నాడు నతానియేలు, జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటా. "నంద్యాల స్టేషను కాడ విశ్వేశ్వరయ్య డిపో అంటే ఎవురైనా చూపిస్తారు. ఇల్లు ఐదంకణాలని చెప్పు, చాలు. ఎన్ని పెంకులు పడతాయో ఆయనే కట్టుకుంటాడు లెక్క."

పొయ్యి ముందర కూర్చుని ఇంకో రొట్టె తడుతున్న అరుణకుమారి చెయ్యి కాసేపు ఆగింది. నమ్మబుద్ధి కాలేదు. ఆళ్లగడ్డ ఎలిమెంటరీ స్కూల్లో నాలుగో తరగతికి లెక్కలు చెప్పే మనిషి ఆమె. బావి తవ్వడానికి ఎంతమంది కూలీలు కావాలో, తొట్టి నిండడానికి ఎన్ని గంటలు పడుతుందో అన్నీ నోటిమీదే ఉంటాయి. ఇంట్లో మాత్రం ఉప్పూ చింతపండూ లెక్క తప్ప ఇంకో లెక్క ఆమె దాకా వచ్చింది లేదు. కట్టె కొన్నదీ, వడ్రంగిని మాట్లాడిందీ, గోడలు మూరెడు పైకి లేపాలని తీర్మానించిందీ అంతా మొగుడే. ఆమె జీతం గూడా ఆ కట్టెలోనే పడింది గానీ, "నువ్వేమంటావు అరుణా" అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అట్లాంటిది ఇప్పుడు పెంకులకు తననే పొమ్మంటున్నాడు. ఆయనకు పరీక్షల డ్యూటీ పడింది, అందుకని. అది తెలిసీ ఆమెకు సంతోషమే అయింది. పిచ్చిది కదా మనసు, ఎంత చిన్న పీట వేసినా ఎక్కి కూర్చుంటుంది. పోయి చెప్పొస్తానులెండి అంది.

ఆ ఇల్లు ఆమె మామ ఇస్సాకు కట్టించింది. ఆయన పోయి చాలా యేండ్లయింది. మట్టి మిద్దె. దూలాలకు చెదలు పట్టి ఒకపక్క కుంగిపోతే ఆ యేడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, మిద్దె దించేసి బెంగుళూరు పెంకు కప్పిద్దామని నతానియేలు పూనుకున్నాడు. హైస్కూల్లో సోషల్ చెప్పే అయ్యవారు, నలుగురూ వచ్చిపోయే ఇల్లు, కురిసే మిద్దె కింద వాళ్లను కూర్చోబెట్టడం నామోషీ అని ఆయన బాధ. ఇక్కడ ఇంటిని గదుల్లో చెప్పరు, అంకణాల్లో చెబుతారు. దూలానికీ దూలానికీ నడుమ ఎంత చోటుంటే అది ఒక అంకణం. అంకణానికి ఇన్ని పెంకులని డిపోవాళ్ల దగ్గర నోటిలెక్క ఉంటుంది. ఇస్సాకు కట్టిన ఇల్లు నాలుగంకణాలు, ముందర పంచతో ఐదు. పేటలో ఎవరిని అడిగినా ఆ మాటే చెబుతారు. పెళ్లి మాటలప్పుడు అరుణకుమారి నాయనకు చెప్పింది గూడా అదే, ఐదంకణాల ఇల్లని.

ఇంటి వెనకాల, గోడకు వాలుగా దించిన కొట్టం ఒకటుంది. పైన బోదగడ్డి కప్పు. లోపల పొయ్యి, రోలు, నీళ్ల బాన, అరుణకుమారి. వానొస్తే మిద్దె కురవడం వేరు, బోద కురవడం వేరు. మిద్దె చుక్కచుక్కగా కురుస్తుంది, కింద గిన్నె పెట్టుకోవచ్చు. ఏండ్లు గడిచిన బోద ఉత్త జల్లెడ. పొగచూరిన గడ్డిలోంచి దిగే నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, పాలగిన్నె మీద మూత తీయాలంటే భయం. వానాకాలమంతా ఆమె తలమీద గోనెసంచి కొప్పెర వేసుకునే వండుతుంది. ఒక చేత ఊదుగొట్టం, ఒక చేత అట్లకాడ, కండ్ల నిండా నీళ్లు. ఒకసారి రొట్టెల తట్టలో తేలు పడింది. ఆమె కేక వేస్తే నతానియేలు ముందర పంచలోంచే, "నీమింద పడిందా?" అని అడిగాడు. లేదంటే, "మరేంది, తీసి పారేయ్" అన్నాడు. అత్త ఆదెమ్మది ఇంకో రకం ఓదార్పు. నేను గూడా బతుకంతా ఆ బోద కిందే వండినా, ఎవురూ సచ్చిపోలేదు అంటుంది. ఆదెమ్మకు ఇప్పుడు చూపు మసక. కండ్లు పొగకు పోయినాయని కంటి డాక్టరు చెప్పాడు. వయసుకు పోయినాయని ఆదెమ్మ చెప్పుకుంటుంది.

ఆ పొగ ఆమె వెంట బడికి గూడా వస్తుంది. ఎంత రుద్ది స్నానం చేసినా, ఉతికిన చీర కట్టినా, జడలో ఎక్కడో దాక్కుని వస్తుంది. హెడ్మాస్టరు ఆదినారాయణ తల ఎత్తకుండానే, "టీచరమ్మ వచ్చినట్టుందే, పొగ వాసనొస్తాంది" అంటాడు. తక్కిన అయ్యవార్లు నవ్వుతారు. ఆమె గూడా నవ్వుతుంది. నవ్వకపోతే ఇంకో మాట పడుతుంది కాబట్టి. మధ్యాహ్నం పిల్లలకు పెట్టే గోధుమరవ్వ ఉప్మా బాధ్యత గూడా ఆమెకే అప్పజెప్పారు. ఎందుకయ్యా అంటే, ఆడమనిషి చెయ్యి పడితే రుచొస్తుందట. మగ అయ్యవార్లు వేపచెట్టు కింద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటుంటే, ఆమె గంగాళం పక్కన నిలబడి రవ్వ అడుగంటకుండా చూసుకుంటుంది. ఇంట్లో పొయ్యి, బళ్లో పొయ్యి. మధ్యలో నాలుగో తరగతి లెక్కలు.

నంద్యాలలో స్త్రీల సమాజం ప్రార్థన కూటాలంటే ఆమెకు పండగే. ఉన్నమాట చెప్పాలంటే వాక్యం కంటే ముందు ఆమెకు నచ్చేది భోజనం. పంక్తిలో కూర్చుంటే ఎవరో వండింది ఎవరో వడ్డిస్తారు. "ఇంకొంచెం పెట్టనా అమ్మా" అని అడుగుతారు. ఆ మాట వినడం కోసం పక్కూళ్ల ఆడవాళ్లంతా అంతదూరం బస్సెక్కి వస్తారేమో అని ఆమెకు అనుమానం. గడివేముల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆ మాటకు చెయ్యి అడ్డం పెట్టకుండా రెండుసార్లు పెట్టించుకుని, తిన్నాక విస్తరి ముందర కాసేపు ఊరకే కూర్చుంది, లేవబుద్ధి కాక. కూటాలు ముగిసినాక అరుణకుమారి, మిషన్ హాస్టల్లో చదువుతున్న తన ఇద్దరు పిల్లల్నీ చూసి, తెచ్చిన బొరుగుల ఉండలు చేతిలో పెట్టి, స్టేషను వైపు నడిచింది.

డిపో అంటే కంచె పొడుగునా పెంకుల వరసలు. ఎండలో ఎర్రగా, కొత్తగా, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. విశ్వేశ్వరయ్య పెద్దమనిషి. ఆమెను బెంచీమీద కూర్చోమని, మంచినీళ్లు ఇప్పించి, ఒక పెంకు తీసి వేలి కణుపుతో కొట్టి చూపించాడు. ఖంగుమంది. అట్లా మోగాలమ్మా పెంకంటే, మోగకపోతే లోపల బీట ఉన్నట్టు అని చెప్పాడు. ఆమెను గూడా కొట్టి చూడమన్నాడు. ఆమె కొట్టింది. తన చేతికింద గూడా ఖంగుమంటే నవ్వొచ్చింది.

"ఇల్లెన్నంకణాలమ్మా?"

"ఐదన్నా."

"పంచ కలిసేనా?"

"కలిసే. నాలుగూ, ముందర పంచా."

"ఎనక ఏమన్నా ఉందా?"

"ఎనక ఏంలేదన్నా. వంటకొట్టమే."

ఆయన తల ఊపాడు. లెక్క కట్టాడు. కొప్పు పెంకులు కలిపి, దారిలో పగిలేవాటికి ఇంకొన్ని చేర్చాడు. ఈ వ్యాగన్ సరుకు ఇంతేనమ్మా, మళ్లీ వచ్చేది వానలు పోయినాకే, మీది అయితే పక్కన పెట్టిస్తా, జూన్ మొదట్లో లారీకెత్తిస్తా అన్నాడు. ఆమె లేచి దండం పెట్టి బస్టాండుకు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. మొగుడు అప్పజెప్పిన పెద్ద పని ఒక్క తప్పు లేకుండా చేసుకొచ్చానని, చీర కొంగు సర్దుకుని దర్జాగా కూర్చుంది.

బస్సు శిరివెళ్ల దాటుతుండగా గాలివాన పట్టుకుంది. కండక్టరు కిటికీ తెరలు దించమని కేకలు పెట్టాడు. వాన అనగానే ఆమెకు ముందు గుర్తొచ్చేది వంటకొట్టమే. పిండి డబ్బా మూత వేసి వచ్చానా, కట్టెలు లోపలికి జరిపానా అని. అవన్నీ చేసే వచ్చింది. అయినా లోపల ఏదో గుచ్చుకుంటోంది. ఏదో మర్చిపోయానే అని వెతుక్కుంటే, తన గొంతే తనకు వినపడింది. ఎనక ఏంలేదన్నా, వంటకొట్టమే.

ఎవరూ అడ్డం చెప్పలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ పెద్దమనిషి మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వెనకాల ఏమన్నా ఉందా అని అడిగాడు. వెనకాల తన బతుకు ఉంది. పొద్దున కోడి కూసినప్పటినుంచీ బడికి పోయేదాకా, బడినుంచి వచ్చినప్పటినుంచీ అందరూ పడుకునేదాకా ఉండేది ఆడనే. అయినా ఏంలేదు అని తన నోటితోనే చెప్పింది. నంద్యాలకు పోయి మరీ చెప్పింది. పోనీ అది చిన్నదా? ముందర పంచా వెనక కొట్టమూ ఒకటే పొడుగు, ఒకటే వెడల్పు. శనివారం శనివారం రెండూ అలికేది తనే కదా, ఈ తట్టెడు పేడ దీనికి సరిపోతే ఆ తట్టెడు దానికి సరిపోతుంది, చెంచాడు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ముందరది గోడకు వాలుగా దించిందే, వెనకదీ గోడకు వాలుగా దించిందే. ముందరిదానికి అంకణమని పేరు. దాన్ని కలిపితేనే ఇల్లు ఐదంకణాలు. వెనకదాన్ని ఎవరూ కలపలేదు. మామ కలపలేదు, మొగుడు కలపలేదు, బతుకంతా దాంట్లో వండిన అత్త కలపలేదు. లెక్కల టీచరు తను, తనూ కలపలేదు.

ఇట్లా ఎన్నిచోట్ల ఏంలేదు అన్నానో అనుకుంది. ఆదివారమంతా ఏం చేస్తివి టీచరమ్మా అని ఎవరైనా అడిగితే, ఏంలేదు, ఇంట్లోనే అంటుంది. పిండి విసిరి, బట్టలుతికి, అత్త తలకు నూనె రాసి, మొగుడి స్నేహితులకు మూడు విడతల టీలు పెట్టి, ఏంలేదు అంటుంది. జ్వరమొచ్చిన రోజు ఏమైందని మొగుడు అడిగితే గూడా ఏంలేదు అనే అంది, లేచి సంగటి కెలికింది. ఏడుపొచ్చింది. పక్క సీటామె ఏందమ్మా కండ్లలో నీళ్లు అని అడిగింది. కిటికీలోంచి జల్లు కొడుతోంది అని చెప్పింది.

మర్నాడు పొద్దున, నతానియేలు గడ్డం గీసుకుంటున్నప్పుడు, కొట్టానికి గూడా పెంకు చెప్పాలన్న సంగతి ఎత్తింది. అద్దంలోంచే ఆమెను చూసి నవ్వాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం గుడిలో ముందువరసలో కూర్చుంటాడు. అరుణకుమారి అదృష్టవంతురాలని పేటలో ఆడవాళ్లంతా అంటారు. నువ్వే చెప్పొచ్చి నువ్వే తప్పంటే ఎట్లా అన్నాడు. అయినా పొయ్యికి పెంకేందే, పొగ యాడ పోతాది, బోదైతే సందుల్లోంచి బయటికి పోతాది అన్నాడు. పైగా వడ్రంగి మిగిలిన పాతకట్టెతో కొట్టానికి గూడా పాత బోద కిందనే వాసాలూ, పెంకు కూర్చునే రీపర్లూ కొట్టి పెట్టినాడు కదా, వానలు పోయి సరుకు రానీ, అప్పుడు సూద్దాం, అంతవరకు వాటిమీదే కొత్త బోద పరుచుకుందాం అన్నాడు. ఆ గొంతులో విసుగు గూడా లేదు. విసుక్కుంటే బాగుండేదని ఆమెకు అనిపించింది, తనూ గట్టిగా ఒక మాట అనేది.

"పోనీ ముందర పంచకు బోదేసి, ఎనకాల పెంకేస్తే?" అని అడిగింది.

ఈసారి ఆయన గడ్డం గీసుకోవడం ఆపి మరీ నవ్వాడు. సాయంత్రం పంచలో కూర్చున్న స్నేహితులకు అదే మాట కథగా చెప్పాడు. మా ఇంటామె పంచలోకి పొయ్యిని తెచ్చేట్టుంది, ఇంక మనమంతా ఊదుగొట్టాలు తెచ్చుకోవాల్సిందే అన్నాడు. అప్పుడే ఆమె టీ గ్లాసుల పళ్లెంతో గడప దాటింది. వాళ్లు ఆమె ముఖం చూసి ఇంకొంచెం నవ్వి, గ్లాసులు అందుకున్నారు. టీ మాత్రం అదిరిందమ్మా అన్నాడు ఒకాయన. ఆమెకు ఒళ్లు మండింది. కోపమంతా వాళ్లమీదే అంటే అబద్ధం, సగం తనమీద. గోడకు చెప్పినా ఒకటే, ఈయనకు చెప్పినా ఒకటే అని, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

జూన్‌లో లారీ వచ్చింది. పేట పిల్లలంతా చుట్టూ మూగారు. పెంకులు ముందర వీధిగోడ పొడుగునా పేర్చారు. సాయంత్రం గుడి పాస్టరు దేవసహాయం అయ్యగారు వచ్చి, కొత్త కట్టె కింద నిలబడి ప్రార్థన చేశాడు. ఈ ఇంటి యజమానిని, ఆయన రాకపోకలను, ఈ పంచలో కూర్చోబోయే వారందరినీ దీవించమని అడిగాడు. అరుణకుమారి ఆమెన్ అంది గానీ, అన్నాక నాలుక కరుచుకుంది. పంచను గూడా పేరుపెట్టి దీవించిన మనిషి, వెనకాల మాట ఎత్తనేలేదు.

మర్నాడు పని మొదలు. బళ్లు తెరిచి వారమయింది. కూలీలకు వంట చెయ్యాలి కాబట్టి ఎవరో ఒకరు సెలవు పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో చెప్పే పనిలేదు. నతానియేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిలు బయటికి తీస్తూ, పెంకు కప్పే మేస్త్రి మునిస్వామికి పురమాయించాడు. ముందర పంచనుంచి పట్టుకోప్పా, రోడ్డుకు కనపడేది అదే, తొందరగా కానీ అన్నాడు. భార్యవైపు తిరిగి, కూలోళ్లకు పప్పులో కాస్త చింతపండు ఎక్కువెయ్యి అన్నాడు. సైకిలెక్కి పోయాడు.

మునిస్వామి తలకు తువ్వాలు చుట్టుకుని, నిచ్చెన పంచకు ఆనించాడు. కూలికి వచ్చిన హన్నమ్మ తలమీద చుట్టకుదురు పెట్టుకుని మొదటి పెంకులు ఎత్తుకుంది. అరుణకుమారి చేటలో బియ్యం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఎసరు పెట్టాలి. లోపలికి పోతే చాలు, అంతా అనుకున్నట్టే జరిగిపోతుంది. ఐదంకణాలు కప్పుకుంటాయి, తను గోనెసంచి వెతుక్కుంటుంది. అత్త కండ్ల మాదిరే తన కండ్లూ మసకేస్తాయి. అప్పుడు వచ్చే కోడలికి తనూ చెబుతుంది, ఎవురూ సచ్చిపోలేదు అని. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే వినపడింది ఆమెకు. చేట అరుగుమీద పెట్టేసింది.

"మునిస్వామన్నా, నిచ్చెన తీయి. ఎనకాలనుంచి మొదలుపెట్టు."

"సారు ముందర పంచనుంచి పట్టుకోమన్నాడు గదమ్మా."

"సారు చెప్పింది ఐదంకణాల ఇంటికి. ఈ ఇల్లు ఆరంకణాలు. ఆరోది ఎనకాలుంది, రా చూపిస్తా."

మునిస్వామి వెనక్కు వచ్చి చూశాడు. వాసాలు చూశాడు, రీపర్లు చేత్తో ఊపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. తల గోక్కున్నాడు. ఇక్కడినుంచి పట్టుకుంటే కొప్పెక్కి ముందరికి దిగేసరికి పంచకు పెంకులుండవమ్మా అన్నాడు. తెలుసు అంది ఆమె. ఆయనకు దిక్కు తోచక, గోడనీడన కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్న ఆదెమ్మ వైపు చూశాడు. ఇంటికి పెద్దది, ఆమె ఒక మాట అంటే తనమీద నింద ఉండదని ఆయన ఆశ. అరుణకుమారి గూడా అటే చూసింది. అత్త కాదంటే ఇంక కుదరదు.

ఆదెమ్మ చేట్లో వేళ్లు ఆడిస్తూనే ఉంది. "నన్నేంది సూస్తావు మునిస్వామీ" అంది చివరికి. "నాకు ఆ బోద కింద కండ్లు పోయినాయి. ఇంక మీరేం కప్పుతాండారో నాకెట్ల కనపడతాది? నేను సూళ్లేదు పో."

వయసుకు కాదు, బోద కింద పోయినాయని ఆ నోటివెంట రావడం అదే మొదలు. అరుణకుమారి అత్త వైపు చూసింది. ఆదెమ్మ తల వంచుకుని రాళ్లు ఏరుతూనే ఉంది. రాళ్లతోబాటు మంచి గింజలు గూడా పారేస్తోంది.

ఇంక బోద లాగారు. అబ్బో, ఏం మసి, ఏం దుమ్ము. నల్లగా మాడిన గడ్డి పెళ్లలు పెళ్లలుగా ఊడి పడింది. తేళ్లు పడ్డాయి, జెర్రులు పడ్డాయి, ఎప్పటిదో పాత పిచ్చుకగూడు పడింది. హన్నమ్మ చెప్పు తీసుకుని తేళ్ల పని పట్టింది. ఇన్నిటి కింద కూర్చుని ఎట్లా తింటిరి తల్లీ కూడు అని నోరెళ్లబెట్టింది. మేం తినేది ముందర పంచలోనే, వండేదే ఇక్కడ అని అరుణకుమారి చెబితే, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. అరుణకుమారి కొంగు నడుముకు చుట్టి, తనూ పెంకులు అందించడానికి వరసలో నిలబడింది. పెంకు చేతికి వెచ్చగా తగిలింది. చూరు దగ్గర మొదటి వరస కూర్చుంది, దానిమీద రెండోది ఎక్కింది. రీపరుకు కొక్కెం పడ్డప్పుడల్లా టక్కున చప్పుడు. వరస పైకి పోయేకొద్దీ కొట్టంలో నీడ పెరిగింది. పొగ సంగతి అడిగితే, మునిస్వామి ఒక పెంకు కాస్త ఎత్తి, కింద చెక్కముక్క దోపి, ఇంత సందు చాలమ్మా అన్నాడు. మొగుడు ఇన్నాళ్లూ చెప్పిన పొగ అడ్డంకి అంతటితో తీరిపోయింది.

కొట్టం మీద ఆఖరి వరస పెట్టేముందు మునిస్వామి నిచ్చెన దిగి వచ్చాడు. మొహం గంభీరంగా ఉంది.

"టీచరమ్మా, ఒక్క మాట. కప్పు మూసినాక కింద పొయ్యి రాజేస్తే, మళ్లా ఆ పెంకు నేను దించను. మా నాయన నాటినుంచి మాకది పట్టింపు. ఇంకొకడు దించినా నేను ఒప్పుకోను. సారు వచ్చి మార్చమంటే కాదనాల్సి వస్తాది. బాగా ఆలోచన చేసుకో. కావాలంటే పొద్దుగూకే దాకా పొయ్యి ముట్టించొద్దు, కూలోళ్లకు బయట రాళ్లపొయ్యి పెట్టుకుందాం."

ఆమె ఆలోచించింది. రాళ్లపొయ్యి పెట్టుకోవచ్చు. మొగుడు వచ్చినాక ఆయన్నే అడగొచ్చు. ఆయన అరవడు. నవ్వుతాడు, నవ్వి, ఎంత పని చేస్తివే అంటాడు. రేపు పొద్దున కొట్టం మీది వరసలన్నీ దించి ముందరికి మోయిస్తాడు. మోసేటప్పుడు తనూ వరసలో నిలబడి అందించాల్సి వస్తుంది. భయం లేదని కాదు. ఇంతవరకూ ఆయన మాటకు ఎదురు నిలబడిన మనిషి కాదు. మిగిలింది గూడా పెట్టెయ్యన్నా అని మేస్త్రిని పైకి పంపింది. పైన ఆఖరి వరస పడ్డ చప్పుడు వినేదాకా ఆగింది. లోపలికి పోయి, మసి ఊడ్చి, నీళ్లు చల్లి, పొయ్యిలో కంది కంప పెట్టి అగ్గిపుల్ల గీసింది. కంప చిటపటమంది. పొగ మెల్లిగా లేచి, ఒకసారి గదంతా తిరిగి, ఎత్తిపెట్టిన పెంకు సందు కనిపెట్టి బయటికి పోయింది. పప్పులో చింతపండు మామూలుగానే వేసింది.

నతానియేలు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి నడుమ నాలుగంకణాలూ ఎర్రగా మెరుస్తున్నాయి. ముందర పంచ మాత్రం కట్టె తేలి, ఆకాశం కనిపిస్తోంది. పెంకులు అయిపోయాయి. సైకిలు గోడకు ఆనించి పైకి చూశాడు. పగిలినాయా, తక్కువ పంపినాడా అని మునిస్వామిని అడిగాడు. మునిస్వామి కాళ్లు కడుక్కుంటూ, ఏమీ తగ్గలేదు సార్, ఎనక్కు పోయి సూడండి అన్నాడు. ఆయన వెనక్కు వచ్చాడు. చూరునుంచి గోడదాకా కప్పిన కొట్టం చూశాడు. కింద పొయ్యి చూశాడు. మళ్లీ ముందరికి పోయాడు. మేస్త్రితో గొంతు తగ్గించి మాట్లాడడం వినిపించింది. మేస్త్రి కాదు సార్, కుదరదు సార్ అనడం గూడా వినిపించింది. అరుణకుమారి పొయ్యి ముందర కూర్చుని రొట్టె తడుతోంది. రొట్టె గుండ్రంగానే వస్తోంది.

ఆయన మళ్లీ వచ్చి గడపలో నిలబడ్డాడు. ఈసారి నవ్వులేదు. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆయన ఆ గడపలో అంతసేపు నిలబడింది అదే మొదలు.

"ఎవురు చెప్పినారు ఎనకనుంచి కప్పమని?"

"నేనే."

"అమ్మ ఊరకుండిందా?"

"అత్తను అడగండి."

ఆదెమ్మ పక్కనే ఉంది, నిద్రపోతున్నట్టు కండ్లు మూసుకుని. ఆయన అడగలేదు. పైకి చూశాడు. పెంకు సందులోంచి పొగ పోతున్న తావు చూశాడు. చివరికి అసలు బాధ బయటపెట్టాడు.

"వాన మొదలయితే పంచలో మనుషుల్ని యాడ కూచోబెట్టేది? పేటలో నా మర్యాద ఏం కావాల?"

అరుణకుమారి రొట్టె పెనం మీద వేసింది. పిండి చేతులు కడుక్కుని, గోడకు ఆనించిన పీట తీసి, పొయ్యికి ఎదురుగా వాల్చింది.

"వానొస్తే ఇట్లా లోపలికి వచ్చి పొయ్యికాడ కూచోండి" అంది. "మీవాళ్లను గూడా పిల్చుకోండి. ఈ యేడు ఈడ తడవదు."